గంగ ఇక్కడ వస్తుంది

మొన్న అనంతపురంలో మా టీచర్లకు శిక్షణ పెట్టారు. పాఠాన్ని ఫోన్‌లో ఎలా ప్లాన్ చేసుకోవాలో నేర్పుతారట. నేర్పడానికొచ్చినతను మైకు సరిచేసుకుని, తెర మీద తెల్లటి పలక ఒకటి తెరిచాడు. దాని మీద ఒక ఫోటో అతికించాడు. పక్కన పసుపు చీటీ అతికించాడు. చీటీలో నాలుగు ముక్కలు రాసి, చీటీ నుంచి ఫోటో దాకా ఒక బాణం గీశాడు.

"చూశారా, ఎంత సింపులో! మీ ఆలోచన మీ కళ్లముందే కనిపిస్తుంది" అన్నాడు.

"కనిపిస్తే?" అన్నాను.

"అంటే మేడం?"

"కనిపించినాక ఏమైతాది అని అడుగుతాండా."

హాల్లో నవ్వులు. నా నోటి సంగతి జిల్లాలో సగం మంది టీచర్లకు తెలుసు. అతనూ నవ్వి, "నచ్చకపోతే జరుపుకోవచ్చు మేడం, వేలితో ఇట్లా లాగితే చాలు" అని చీటీని జరిపి చూపించాడు. పసుపు చీటీ ఆ మూల నుంచి ఈ మూలకు జారుకుంటూ పోయింది. ఆ తర్వాత నాకు వాదించబుద్ధి కాలేదు. లేచి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. మా డ్రాయింగ్ సారు పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

ఆయన అనగానే నాకు ముందు రెండు వేళ్లు గుర్తొస్తాయి. బొటనవేలూ, చూపుడువేలూ. ముగ్గుపిండి పట్టుకున్నట్టు ఆ రెండూ కలిపి, పగిలిన ఫోన్ అద్దం మీద ఆనించి, మెల్లగా విడదీసేవాడు. బొమ్మ పెద్దదయ్యేది. మళ్లీ కలిపేవాడు. చిన్నదయ్యేది. ఆ పనిలో ఉండగా పిలిస్తే పలికేవాడు కాదు. ఎవరికైనా చూపించాలంటే ఫోన్‌ను గుళ్లో ప్రసాదం దొన్నెలాగా రెండు చేతులా పట్టుకుని వచ్చేవాడు. ఎదుటివాళ్లకు ఇచ్చేవాడు మాత్రం కాదు. తన చేతుల్లోనే చూడాలి.

ముదిగుబ్బకు కాస్త దూరంలో ఉన్న పల్లెలో మా హైస్కూలు. నేను సోషల్ చెబుతాను. డ్రాయింగ్ పీరియడంటే అక్కడ లెక్కల సారుకీ, ఇంగ్లీషు మేడంకీ అరువు పీరియడ్. "సార్, ఈ పొద్దు మీ గంట ఇస్తారా?" అని వాళ్లు గుమ్మంలోకి రాకముందే ఈయన చాక్‌పీసు జేబులో వేసుకుని బయటికొచ్చేసేవాడు. ఈ విషయం మీద నేను హెడ్‌మాస్టరుతో రెండు మూడు సార్లు గట్టిగానే పెట్టుకున్నాను. నేను అక్కడ గొంతు చించుకుంటుంటే ఈయన వెనక నుంచి నా కొంగు లాగినంత పని చేసేవాడు.

"పోనీలేండి మేడం. పిల్లోళ్ల దగ్గర రంగులు యాడుండాయి, నేను చెప్పేదానికి?"

"రంగుల్లేకపోతే బొగ్గుతో చెప్పండి సార్. మీ గంట మీది."

"బొగ్గుతో చెప్తే నల్లబొమ్మలే వస్తాయి మేడం. వాళ్లు దినామూ చూసేదే అది."

కొన్నేళ్ల కిందట ఇలాంటి శిక్షణలోనే ఆ తెల్లపలక యాప్‌ను మా అందరి ఫోన్లలోనూ వేయించారు. తిరుగు బస్సు ముదిగుబ్బ చేరేలోపు అందరం తీసేశాం. ఆయనొక్కడే ఉంచుకున్నాడు. రంగులు దొరకని మనిషికి అడిగినన్ని రంగులు అక్కడే దొరికాయి మరి.

అందులో ఒక్కో పనికి ఒక్కో పలక. దాన్ని ఆ యాప్‌లో బోర్డు అంటారు. ఊళ్లో గోడలన్నిటి మీదా బొమ్మలు వేయించడానికి ఒక బోర్డు. పిల్లల చేత బంకమట్టితో ఎద్దులూ గుర్రాలూ చేయించడానికి ఒక బోర్డు. గొర్రె తన కథ తాను చెప్పుకునే చిన్న సినిమాకి ఇంకో బోర్డు. దాంట్లో ఊళ్లో ఉన్న గొర్రెలన్నిటి ఫోటోలూ ఉన్నాయి, ఏ గొర్రె ఏ సీనులో రావాలో బాణాలతో సహా. ఫోటోలు, చీటీలు, గీతలు, గీతల మీద గీతలు. ఒక్కటీ ఫోన్ దిగి నేల మీదికి రాలేదు.

"ఎప్పుడు సార్ మొదలు పెట్టేది?" అంటే "ఇంకా అతకలేదు మేడం" అనేవాడు.

ఆ అతకకపోవడం ఆయనకు అన్నిటికీ పనికొచ్చేది. తమ్ముడి కూతురికి సంబంధం చూస్తే అతకలేదు. డబ్బాలో చారుకీ అన్నానికీ అతకలేదు. మబ్బులు కమ్ముకొచ్చి, మట్టివాసన కొట్టి, నాలుగు చినుకులు రాలి, గాలి లేచి అంతా కొట్టుకుపోతే, మేమంతా ఆకాశాన్ని తిట్టుకుంటుంటే ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ "అతకలేదు" అనేవాడు. ఆకాశం కూడా ఎవరిదో ఫోన్ అయినట్టు.

ఒక రోజు స్టాఫ్‌రూంలో నాతో "ఇంకో బోర్డు వేసినా మేడం" అన్నాడు. టీ గ్లాసులు తెస్తున్న అటెండరు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"యాడ సార్ బోరు వేసింది? పడినాయా?"

మేమంతా పగలబడి నవ్వాం. ఆ మధ్యాహ్నం నుంచి ఆయన పేరు బోరు సారు అయిపోయింది. నవ్వులాట నవ్వులాటగా ఆగే ఊరు కాదు మాది. బోరన్న మాట వింటే అక్కడ కుక్కలు కూడా చెవులు నిక్కిస్తాయి. ఏ చేలోకి పోయినా మూతి మీద రాయి పెట్టిన పైపులు కనిపిస్తాయి. ఎండిపోయిన బోర్లను, వాటి కోసం అమ్ముకున్న వాటి పేర్లతో పిలుస్తారు. ఇది ఎద్దుల బోరు. అది కమ్మల బోరు. ఆ గట్టు పక్కది గొర్రెల బోరు. బోరు సారు ఫోన్‌లో భూమి పటాలున్నాయట, బాణాలున్నాయట, వేళ్లతో పెద్దవి చేసి లోపల ఏముందో చూస్తాడట అని ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి పోయింది. ఆయనకు ఈ సంగతి తెలిసి ఉంటే నవ్వి ఊరుకునేవాడే. నేను విన్నాను, నేనూ నవ్వే ఊరుకున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు భూమిలో ఉన్న నీళ్లను నీళ్లు అనరు, గంగ అంటారు. బోరులో గంగ పడింది అంటారు. పడకపోతే గంగ కరుణించలేదు అంటారు. మా డ్రాయింగ్ సారు ఆఖరి బోర్డు ఆ గంగ మీదే.

మొదటిసారి దాని గురించి స్కూలు గేటు దగ్గర బస్సు కోసం నిలబడి చెప్పాడు.

"నాటకం మేడం. గంగ వస్తాది. మన ఊర్లోకే. శానా ఏండ్ల తర్వాత. ఎవురూ గుర్తుపట్టరు."

"వచ్చి ఏం చేస్తాది?"

"ఇంటింటికీ పోయి నీళ్లడుగుతాది."

"గంగ నీళ్లడగడమేంది సార్? అర్థముండాలి కదా."

"దప్పికవుతాది గదా మేడం. అంత దూరం నుంచి నడిచొచ్చింటాది."

ఒక ఇంట్లో నీ కులమేమి అని అడుగుతారట. ఇంకో ఇంట్లో ఇది కొనుక్కున్న క్యాను నీళ్లమ్మా అంటారట. ఇంకో ఇంటాయన అర్జీ రాసుకొచ్చుకో అంటాడట. ఊరి పక్కనున్న ఎండిన వంకలో, ఇసకలో, ఊరివాళ్ల చేతనే ఆడించాలి. చెబుతూ చెబుతూ బస్సు వచ్చి పోయినా చూసుకోలేదు. నేనూ చూసుకోలేదు. వచ్చే ఎండాకాలానికి ఆయన రిటైరవుతాడు.

"ఇది ఒక్కటి నేల మీద ఆడించి పోవాల మేడం. ఒక్కటే. తర్వాత ఈ ఫోను పెన్నలో పారేసినా సరే."

"పెన్నలో పారేయడానికి నీళ్లెక్కడివి సార్? ఇసకలో పూడ్చాల."

ఆయన నవ్వాడు. ఆయన నవ్వు శబ్దం లేకుండా భుజాల్లో ఉండేది.

గంగ వేషానికి ఆయన ఎంచుకున్నది మా బడిలో మధ్యాహ్నం అన్నం వండే సుంకమ్మను. ఫోన్ రెండు చేతులా పట్టుకుని వంటగది ముందుకు పోయి నిలబడ్డాడు.

"అక్కా, నువ్వు గంగవు."

సుంకమ్మ గంటె ఎత్తి నన్ను చూసింది. "ఏం మేడం, సారుకు ఎండ తగిలిందా? గంగ మసిగుడ్డ పట్టుకుని సాంబారు తిప్పుతాదా?"

"తిప్పుతాది" అన్నాడు సారు. "ఒక్క మాట అను. 'అమ్మా, ఇన్ని నీళ్లుంటే పోయండి' అని."

సుంకమ్మ నవ్వుతూనే మొదలుపెట్టింది. మధ్యలో ఏమైందో గానీ ఆ మాట నవ్వుగా పూర్తి కాలేదు. కొళాయి దగ్గర పళ్లాలు కడుగుతున్న ఆడపిల్లలు వెనక్కి తిరిగి చూశారు. సారు గోడ వైపు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నాడు. నేను సుంకమ్మ చేతిలో గంటె అందుకుని సాంబారు తిప్పాను. నేను గంటె పట్టడం ఎంత అరుదో మా స్కూల్లో ఎవరినడిగినా చెబుతారు.

ఆ తర్వాత పని నిజంగానే కదిలింది. డప్పుల వాళ్లు ఒప్పుకున్నారు. కులమడిగే ఇంటి ఇల్లాలిగా ఎవరూ ముందుకు రాకపోతే నన్ను వేయమన్నాడు, నేను కసురుకుంటూనే ఒప్పుకున్నాను. సాయంత్రాలు వంకలో నిలబడి మాటలు అప్పజెప్పుకునేవాళ్లం. ఒకనాడు ఆయన బడి వెనక గుట్ట ఎక్కి వంకనూ, చుట్టూ చేలనూ కలిపి ఒక ఫోటో తీశాడు. దాన్ని బోర్డు మీద పరిచి చీటీలు అతికించాడు. డప్పులు ఇక్కడ. జనం ఇక్కడ కూర్చోవాలి. వంక మలుపు దగ్గర సుంకమ్మ వాళ్ల చేను ఉంది. దాని మూలన ఒక రాళ్ల కుప్ప. నాటకం మొదలయ్యేదాకా సుంకమ్మ ఆ కుప్ప వెనక దాక్కుని, డప్పు ఆగగానే బయటికి రావాలి. ఆ చోట నీలంరంగు గుండ్రం చుట్టి, నీలంరంగు బాణం గీసి, పసుపు చీటీలో రాశాడు: గంగ ఇక్కడ వస్తుంది.

రాసి, అందరూ తమ తమ చోట్లు చూసుకుంటారని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

అది జరిగిన వారానికో పది రోజులకో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, వంక వైపు నుంచి బోరు బండి మోత మొదలైంది. మా పిల్లలకు ఆ మోత కొత్త కాదు, పాఠం ఆపి చెవులు మూసుకోవడమూ కొత్త కాదు. పక్క గదిలో సారు కిటికీ దగ్గరికి పోయి అడగడం నాకు వినిపించింది.

"ఎవురి చేన్లో రా బండి?"

"ఓబులేసు మామ చేన్లో సార్. మీరు పెట్టిన బోరు పాయింటే గదా!"

ఓబులేసు సుంకమ్మ మొగుడు. ఆ రోజు వంటకు సుంకమ్మ రాలేదు, తోడికోడలిని పంపింది. నేను గుమ్మంలోకి వచ్చేసరికి సారు వరండాలో సగం పరుగులో పోతున్నాడు. చేతిలో చాక్‌పీసు అలాగే ఉంది.

"ఏమైంది సార్?"

"గంగ, మేడం" అన్నాడు. నాకు ముక్క అర్థం కాలేదు. చెప్పులేసుకుని వెంట పడ్డాను.

మేము పోయేసరికి చేను తెల్లగా ఉంది. రాతిపిండి లేచి మనుషుల మీదా, బండి మీదా, పీకి ఆరబెట్టిన శెనక్కాయ కట్టె మీదా పడుతోంది. రాళ్ల కుప్పను పక్కకు లాగేసి సరిగ్గా ఆ చోటే మిషను దించారు. ముందు పసుపు, నిమ్మకాయలు, కొట్టిన టెంకాయ. టెంకాయ చిప్ప కింద గాలికి ఎగరకుండా పెట్టిన రంగుల కాగితం. ఓబులేసు ఆ బోర్డు బొమ్మను ముదిగుబ్బకు పోయి ప్రింటు తీయించుకుని వచ్చాడు. సారు చుట్టిన నీలం గుండ్రం మీద కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

సారు ఓబులేసు చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"ఆపప్పా ఓబులేసూ! అది నాటకం! గంగంటే మీ సుంకమ్మ. సుంకమ్మ ఈడ నుంచి వస్తాదని రాసినా. ఈడ నీళ్లు లే—"

ఓబులేసు ఆయన భుజం పట్టుకుని పక్కకు లాక్కుపోయాడు. కోపంగా కాదు, పెళ్లిలో అశుభం పలకబోయిన పెద్దాయన్ను లాక్కుపోయినట్టు.

"ఆ మాట ఈడ అనగూడదు సార్. మిషను దిగినాక ఆ మాట నోట్లోంచి రానీయద్దు. నీ కాళ్లు పట్టుకుంటా. నోరు మంచిగా పెట్టుకుని నిలబడు, చాలు."

ఇది మా వైపు కట్టుబాటు. బోరు దిగుతున్నప్పుడు లేదు, రాదు, పడదు అన్న మాటలు ఎవరి నోటా రాకూడదు. గంగ వింటుందట, అలిగి పక్క చేలోకి పోతుందట. ఇలాంటి వాటి మీద నాకూ ఊరికీ పాత తగాదాలున్నాయి కాబట్టి నేను ముందుకు పోయి "ఓబులేసూ, సారు చెప్పేది కాస్త విను" అని మొదలుపెట్టాను. వెనక నుంచి ఎవరో ముసలామె నా నోటి మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఇన్నేళ్లలో నా నోటిని అట్లా మూసినవాళ్లు లేరు. ఆ చేతికి విభూతి వాసన.

సుంకమ్మ గట్టు మీద మోకాళ్లు కావిలించుకుని కూర్చుని ఉంది. నేను పోయి పక్కన కూలబడ్డాను.

"నీకు తెలుసు గదా సుంకమ్మా అది నాటకమని. చెప్పలేదా?"

"చెప్పినా మేడం. వినల్యా. నాటకమని పైకి చెప్తాడులే, పాయింటు బయటపెడితే ఊరంతా ఎగబడతాదని అన్నాడు. నీకు గంగ వేషం ఊరికే ఇచ్చినాడా, మన చేను చూసే ఇచ్చినాడు అన్నాడు." మొహం మీద పిండి కొంగుతో తుడుచుకుంది. "అట్లా అన్నాంక నాకూ అనిపించింది మేడం. రాసింది సారు. సదువుకున్నాయన ఊరికే రాస్తాడా అని."

పైపు మీద పైపు దిగుతోంది. పిండి మీద పిండి లేస్తోంది. అందరూ తువ్వాళ్లు ముక్కుకు అడ్డం పెట్టుకుని నోరు మెదపకుండా నిలబడి ఉన్నారు. సారు నా దగ్గరికి వచ్చాడు. తలా, కనుబొమలూ, కళ్లజోడూ తెల్లబడిపోయి ఉన్నాడు. వంగి మెల్లగా అన్నాడు.

"ఏమో మేడం. పడినా పడొచ్చు."

"మీకు బుద్ధుందా సార్?"

"అది కాదు మేడం. ఆ కుప్ప కాడ ఇంత పచ్చిగడ్డి ఉన్నింది, ఫోటోలో చూసినా. అందుకేనేమో నా చెయ్యి ఆడికే పోయింది. ఇంకో పక్క కూడా పెట్టుండొచ్చు గదా నేను. ఆడే ఎందుకు పెట్టినా?"

ఆయన రెండు వేళ్లు గాల్లోనే కలిసి విడిపోతున్నాయి. నాకు ఆ క్షణాన ఓబులేసు మీద లేని కోపం ఆయన మీద వచ్చింది.

అంతలో పిండి రంగు మారింది. బూడిదరంగు ముద్దలు ముద్దలుగా పడ్డాయి. "తడి! తడి!" అని ఒక్క కేక. ఎవరో ఇంకో టెంకాయ కొట్టారు. సుంకమ్మ లేచి నిలబడింది. సారు నా మణికట్టు పట్టుకున్నాడు, వదలమన్నా వదల్లేదు. నేను కూడా ముందుకు వంగి చూశాను. ఏ పుస్తకంలో ఏం చదువుకున్నా ఆ పిండి తడిసిందంటే మా నేలలో పుట్టినవాళ్ల మెడ ముందుకు సాగుతుంది.

ఆ ముద్దలు అంతే. మళ్లీ పొడి. తెల్లటి, మెత్తటి, ముక్కుల్లోకి పోయే పొడి.

"అన్నా, ఇంకా దించాల్నా?" బండి డ్రైవరు అరిచాడు.

"దించు."

ఇంకా దించారు. మళ్లీ అడిగాడు. మళ్లీ దించు అన్నాడు. మూడోసారి అడిగితే ఓబులేసు సుంకమ్మ వైపు చూశాడు. సుంకమ్మ చేతులు చూపించింది. చేతులకు అమ్మడానికింక ఏమీ లేవు.

మిషను ఆగింది. ఆ తర్వాత ఎట్లా ఉంటుందో మా ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఎవరూ ఎవరి ముఖమూ చూడరు. తువ్వాలు దులుపుకుని, చావింటి నుంచి పోయినట్టు, పోయొస్తామని చెప్పకుండా పోతారు. సారు మాత్రం కదల్లేదు. తిట్టించుకోవాలని నిలబడ్డాడు. ఓబులేసు ఆయన దగ్గరికి వచ్చి, ఆయన భుజం మీద పిండి తన తువ్వాలుతో దులిపాడు.

"మీరు సరిగ్గానే పెట్టింటారు సార్. మాకు రాసిపెట్టలేదు."

పండగ వెళ్లగానే ఆ మొగుడూ పెళ్లాలు ఇంటికి తాళమేసి బెంగుళూరు పోయారు, కడుతున్న బిల్డింగుకు కాపలాకి. చేలో మిగిలిన పైపుకు ఊళ్లో పేరు పడింది. నాటకం బోరు.

ఊరు ఆయన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. వాళ్లు ఆయన దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ముందుగా వచ్చినవాడు ఆదెప్ప. గొర్రెలున్నాయి, నాలుగెకరాల చేను ఉంది, నోట్లో ఎప్పుడూ వేపపుల్ల.

"సార్, ఓబులేసుకు అదృష్టం లేదు. ఆ చీటీని రవ్వంత మా చేన్లోకి జరుపు."

"అది పాయింటు కాదు ఆదెప్పా. నాటకంలో గంగ యాడ నుంచి రావాలో అది."

"అదే నేనూ చెప్పేది. మా చేన్లో నుంచి రానీ. ఏలితో జరిపితే పోతాది గదా, నీకేం ఖర్చు?"

ఆయన జరపలేదు. మరుసటి వారం ఇంకొకరు. తర్వాత ఇంకొకరు. స్టాఫ్‌రూంలో కూర్చుని ఆ బోర్డు తెరిచి చీటీని పట్టుకుని తిప్పేవాడు. ఎవరి చేలోనూ పడకుండా గంగ రావడానికి ఒక చోటు కావాలి. వంక మధ్యలో పెడితే వంకను ఆక్రమించి సాగుచేస్తున్నాయన పూలదండతో వచ్చాడు. గుట్ట మీద పెడితే, గుట్ట మీదికి బండి ఎక్కుతుందా అని ఇద్దరు పోయి చూసి వచ్చారు. ఆఖరికి స్కూలు మైదానంలో పెట్టాడు. హెడ్‌మాస్టరు పిలిచి, "మంచిదే సార్, మనకూ నీళ్ల ఇబ్బంది ఉంది, పైకి రాస్తాను" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "గంగ అన్న మాట తీసేయండి సార్. సుంకమ్మ ఇక్కడ వస్తుంది అని రాయండి. ఎవడొస్తాడో చూస్తా."

"సుంకమ్మ రాదు గదా మేడం" అన్నాడు.

"అయితే గంగ వేషం నేను వేస్తా. ఆడదాం. ఈ ఆదివారమే. చీటీలూ వద్దు, బాణాలూ వద్దు. నేను నడుచుకుంటూ వస్తా, మీరు డప్పు కొట్టించండి."

ఆ నవ్వు మళ్లీ ఒక్కసారి ఆయన భుజాల్లోకి వచ్చింది. "మీరు గంగైతే కాదు మేడం. గంగ అడగాల. మీరు అడగరు, నిలదీస్తారు."

"నేర్చుకుంటాను. అడగడం నేర్పండి."

నేర్పాడు. మధ్యాహ్నం విరామంలో, ఖాళీ తరగతి గదిలో. అమ్మా, ఇన్ని నీళ్లుంటే పోయండి. ఎన్నిసార్లన్నా నా గొంతులో అది బాకీ వసూలు లాగే వచ్చింది. ఆయన ఓపిగ్గా వినేవాడు. ఒకరోజు విని, "అతకలేదు మేడం. మీ తప్పు కాదు" అన్నాడు. ఫోన్ తీసి నా ముందే ఆ పసుపు చీటీని వేలితో పట్టుకుని జరిపాడు. చేలు దాటించి, వంక దాటించి, ఫోటో అంచు దాటించి, బయట ఉన్న తెల్లటి జాగాలో వదిలేశాడు.

"ఈడ ఎవురికీ చేను లేదు" అన్నాడు.

ఎండలు ముదిరాక, రిటైర్మెంటు సన్మానానికి శాలువా కొనమని హెడ్‌మాస్టరు నాకు పురమాయించిన వారంలోనే ఆయనకు గుండె ఆగింది. ముదిగుబ్బ బస్టాండులో బెంచీ మీద, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే. నాటకం ఎవరూ ఆడలేదు. ఆడరు. డప్పుల వాళ్లు రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే పనికి పోయారు.

పెద్దకర్మ నాడు వాళ్ల ఇంటి ముందు షామియానా వేసి భోజనాలు పెట్టారు. ఊరి నుంచి ఆటోలు కట్టుకుని చాలామందే వచ్చారు. ఆదెప్ప నా పక్క విస్తరి ముందు కూర్చున్నాడు. అన్నం కలుపుతూ, ఎటో చూస్తూ అడిగాడు.

"సారు ఫోను తెరుసుకోలేదంట మేడం. వాళ్లింటామె చెప్పింది. మీకు తెలిసింటాదని... ఆఖరుకు ఆ చీటీ యాడ పెట్టినాడు?"

"ఈ పొద్దు కూడా అదేనా ఆదెప్పా?"

"తప్పు పట్టద్దు మేడం. పోయినాయన మాట, వృథాగా పోగూడదని."

"ఎవరి చేన్లోనూ పెట్టలేదు. ఫోటో బయట పెట్టినాడు, ఉత్త తెల్లజాగాలో. నా కళ్ల ముందరే పెట్టినాడు. ఇంక వదిలేయండి ఆ మనిషిని."

గట్టిగానే అన్నాను. వడ్డించేవాళ్లు ఆగి చూశారు. ఆదెప్ప తలూపి, ముద్ద నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి మింగాడు.

"బయటంటే, ఏ పక్క మేడం? ఎడమనా, కుడినా?"

అంతలో బకెట్టు నా ముందుకు వచ్చింది. పప్పు వద్దని విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాను. ఎడమ చెయ్యే ఖాళీగా ఉంది, ఎడమ చెయ్యే పెట్టాను.

ఆదెప్ప ఆ చేతి వంక చూశాడు. "గుట్ట మీద నుంచి గదా బొమ్మ తీసింది" అని తనలో తాను లెక్క వేసుకున్నాడు. "ఎడమ పక్క అంచు దాటితే... మా బామ్మర్ది చేనే." పాయసం రాకముందే విస్తరి మడిచి లేచాడు.